ఎముకకు హితమైన లోహం ఊపిరికీ హితమేనా?



కొన్ని నెలల క్రితం వెంకటగిరికోటలో బంధువుల ఇంట గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాలు ముగిశాక, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు నన్ను మిద్దె మీదికి తీసుకువెళ్ళి, జేబులోంచి అరచేతిలో ఇమిడే పరికరం ఒకటి తీశాడు. అది ఈ-సిగరెట్టు. మూత విప్పి, మధ్యలో దూది దూర్చి ఉన్న సన్నని తీగచుట్టను చూపించాడు. దానిని వాడేవారు కాయిల్ అంటారు.

“సార్, ఇది టైటానియం సార్. మా అవ్వ తొడ ఎముక విరిగితే లోపల రాడ్డు పెట్టినారే, అది కూడా ఇదే లోహం. ఎనిమిదేండ్లయింది, అవ్వ బాగానే నడస్తా ఉంది. అంటే ఇది ఒంటికి పడేదే కదా సార్? నల్లబడినప్పుడు ఎర్రగా కాల్చి తోమితే సరిపోతుందంటారు, నిజమేనా?”

అతడు దాచకుండా అడిగాడు. అటువంటివారిని మందలించి పంపితే మరొకసారి ఏ వైద్యునీ అడగరు. ఆనాడు తోచినంత చెప్పాను. అయితే అతని ప్రశ్నకు పూర్తి సమాధానం మన ప్రాంతపు చరిత్రలోనే ఉన్నదని ఇంటికి తిరిగి వస్తూ ఉండగా స్ఫురించింది. ఆ సమాధానాన్ని ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాను.

లోహం కథ

1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో విలియం గ్రెగర్ అనే క్రైస్తవ మతాచార్యుడు, ఖనిజశాస్త్ర ప్రియుడు, ఒక వాగులోని నల్ల ఇసుకను పరీక్షిస్తూ అందులో అంతవరకు తెలియని లోహం ఒకటి ఉన్నదని గుర్తించాడు. 1795లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ క్లాప్రోత్ దానికి గ్రీకు పురాణాలలోని టైటనుల పేరు మీద టైటానియం అని నామకరణం చేశాడు. ఖనిజం నుంచి లోహాన్ని పెద్ద మొత్తాలలో వేరుచేసే విధానం మాత్రం 20వ శతాబ్దంలో, లక్సెంబర్గుకు చెందిన విలియం క్రోల్ కృషి వలన కాని సాధ్యపడలేదు.

ఈ లోహం మనకు పరాయిది కాదు. శ్రీకాకుళం నుంచి భీమునిపట్నం వరకు మన సముద్రతీరంలో కనిపించే నల్ల ఇసుకలో ఇల్మెనైట్ అనే టైటానియం ఖనిజం ఉన్నది. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిధాని సంస్థ టైటానియం మిశ్రమలోహాలను తయారు చేస్తున్నది. అక్కడి రక్షణ లోహ పరిశోధనశాల రూపొందించిన పరిజ్ఞానంతోనే 2011లో కేరళలోని చవరలో టైటానియం స్పాంజి కర్మాగారం ప్రారంభమైంది.

వైద్యులకు ఈ లోహంతో పరిచయం పెంచినవారిలో ఒకరు స్వీడన్ దేశపు వైద్యుడు బ్రోనెమార్క్. 1952లో ఆయన కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణను పరిశీలించడానికి టైటానియం గొట్టం ఒకటి అమర్చాడు. పరిశోధన ముగిశాక దానిని తీయబోతే రాలేదు. ఎముక దానితో కలిసిపోయింది. ఆ పరిశీలన నుంచే నేటి కృత్రిమ దంతాల మొలలు పుట్టాయి.

టైటానియం శరీరంతో ఇంత సఖ్యంగా ఉండడానికి కారణమేమిటి? గాలి తగిలిన మరుక్షణమే ఈ లోహం ప్రాణవాయువుతో కలిసి తన ఒంటిపై టైటానియం డయాక్సైడ్ పొరను ఏర్పరచుకుంటుంది. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే. అయినా అది కవచంలా గట్టిగా అంటిపెట్టుకొని, లోపలి లోహం రక్తంలోకి కరిగిపోకుండా కాపాడుతుంది. అవ్వ ఎముకలో రాడ్డు ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉన్నది ఆ కవచం చలువ వలననే. ఈ పొరను గుర్తుంచుకోండి. కథ చివర మళ్ళీ వస్తుంది.

సరిహద్దు ఆవలి దుమ్ము

వెంకటగిరికోట నుంచి రాష్ట్ర సరిహద్దు దాటి కొంత దూరం వెళితే కోలారు బంగారు గనులు వస్తాయి. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు పెద్ద ఎత్తున సాగాయి. గనులు భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగాయి. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతాల నుంచి తెలుగు, తమిళ కుటుంబాలు తరతరాలుగా ఆ గనులలో బ్రతికాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నేటికీ అక్కడి దిబ్బల మీది నుంచి గాలికి దుమ్ము లేస్తూ ఉంటుంది.

బంగారం ఉన్న రాతిలో సిలికా ఉంటుంది. సిలికా అంటే మనం నిత్యం తొక్కే ఇసుకలోని పదార్థమే. మన ఇంటి గోడలో ఉంటుంది, వాకిట్లో పరచిన రాతిబండలో ఉంటుంది. బండ మీద కూర్చున్నవాడికి సిలికా వలన జబ్బు రాదు. ఆ బండనే యంత్రంతో తొలిచి, లేచిన సన్నని పొడిని ఏళ్ళ తరబడి పీల్చినవాడికి మాత్రం ఊపిరితిత్తులు గట్టిపడి సిలికోసిస్ వస్తుంది.

ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. మన ఊపిరితిత్తులలో సుమారు 30 కోట్ల గాలితిత్తులు ఉన్నాయి. వాటిని విప్పి పరిస్తే వైశాల్యం దాదాపు 70 చదరపు మీటర్లు. మన చర్మమంతా కలిపినా రెండు చదరపు మీటర్లే. పెద్ద ధూళి కణాలను ముక్కు, శ్వాసనాళాలు పట్టి కఫంతో బయటకు నెట్టివేస్తాయి. ఐదు మైక్రాన్ల కంటే చిన్న కణాలు మాత్రం గాలితిత్తుల దాకా చేరుతాయి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అంటే ఆ కణాల పరిమాణం ఊహించుకోవచ్చు. అక్కడ కాపలా కాసే భక్షక కణాలు వాటిని మింగుతాయి. సిలికాను మింగిన భక్షక కణం తానే చస్తుంది. చస్తూ వదిలిన రసాయనాల వలన చుట్టూ తాప క్రియ రగిలి, మచ్చకట్టిన కణజాలం పెరుగుతుంది. సిలికా అక్కడే ఉంటుంది, మరొక భక్షక కణం వస్తుంది, మచ్చ మరింత పెరుగుతుంది. గని పని మానివేసిన తరువాత కూడా ఇది ఆగకపోవచ్చు.

మన దేశంలో సిలికోసిస్‌ను మొదట 1947లో కోలారు బంగారు గనులలోనే నివేదించారని నా తరం వైద్య విద్యార్థులు సాంఘిక వైద్యశాస్త్ర పాఠాలలో చదువుకున్నారు. చదువుకొని కూడా నేను ఒక తప్పు చేశాను.

1980ల తొలి సంవత్సరాలలో ఈ ప్రాంతంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తూ ఉండగా ఒక పెద్దాయన వచ్చాడు. ఆయాసం, దగ్గు, బరువు తగ్గడం. ఎక్స్-రేలో ఊపిరితిత్తుల పైభాగాన మచ్చలు. క్షయ అని నిశ్చయించి మందులు మొదలుపెట్టాను. కళ్ళె పరీక్షలలో క్షయ సూక్ష్మజీవులు ఒక్కసారి కూడా కనిపించలేదు. అయినా ఆరు నెలలు సూదిమందులు పొడిపించాను. చివరకు ఒకరోజు ఆయన భార్య, “గనిలో ఇరవై ఏండ్లు డ్రిల్లు పట్టినాడు సామీ, అప్పట్నించే ఈ ఎగశ్వాస” అన్నది. వృత్తి ఏమిటని నేను ఒక్కసారి కూడా అడగలేదు. రోగిని చూసే వైద్యుడు అతని పని ఏమిటో అడిగి తీరాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే తన గ్రంథంలో బోధించాడు. సిలికోసిస్ అప్పటి నష్టపరిహార చట్టంలోని వృత్తివ్యాధుల జాబితాలో ఉండేది. నేను సకాలంలో అడిగి ఉంటే, గాయపడిన ఊపిరితిత్తులను బాగుచేయలేకపోయినా, ఆయన పరిహారం కోరడానికి అవసరమైన కాగితమైనా రాసి ఇచ్చి ఉండేవాడిని. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశాడు.

మంచిగాలే మందుగా ఉన్న రోజులు

ఊపిరితిత్తుల విలువ మన సీమకు తెలియనిది కాదు. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం వెలిసింది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ దానికి సారథ్యం వహించాడు. స్ట్రెప్టోమైసిన్ ఇంకా పుట్టని ఆ రోజులలో రోగికి ఇవ్వగలిగినవి ప్రధానంగా మూడు: విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, పరిశుభ్రమైన గాలి. ఎత్తయిన పీఠభూమి మీది పొడి వాతావరణంలోని గాలి కోసం ఎందరో రోగులు మదనపల్లెకు వచ్చేవారు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా కార్యక్రమం తొలి అడుగులు వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి.

సిలికా దుమ్ముతో దెబ్బతిన్న ఊపిరితిత్తులకు క్షయ సులభంగా సోకుతుంది. కనుక కోలారు దుమ్ముకు, ఆరోగ్యవరం మంచాలకు మధ్య ఉన్న సంబంధం వైద్యులకు తెలిసినదే. గాలి కోసం తపించిన తరం ఇక్కడిది. వారి మనుమలు నేడు డబ్బు పెట్టి మరొక ఆవిరిని కొనుక్కుని పీల్చుతున్నారు.

“ఇది హాని చేయదు” అన్న పాత మాట

పొగ విషయంలో మనిషి ప్రతి తరంలోనూ హానిలేని మార్గం దొరికిందని నమ్మాడు. నీటిలోంచి లాగితే పొగ వడకట్టబడుతుందని హుక్కా పుట్టింది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాలలో కొందరు స్త్రీలు చుట్టను వెలిగించిన కొసను నోటిలో పెట్టుకొని పీల్చేవారు. దానిని అడ్డపొగ అంటారు. ఆ నిప్పు సెగ నేరుగా అంగిలికి తగిలేది. 1960లలో మన దేశంలోని ఐదు జిల్లాలలో యాభై వేలకు పైగా గ్రామీణుల నోళ్ళను పరీక్షించిన సర్వేలో శ్రీకాకుళం జిల్లా ఒకటి. ఇతర చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సరుకు అడ్డపొగ ప్రధాన కారణమని మన విశాఖ వైద్యుల పరిశోధనలు కూడా వెల్లడించాయి.

1952లో అమెరికాలో కెంట్ అనే సిగరెట్టు ఆరోగ్య రక్షణకు కొత్త వడపోత అంటూ బజారులోకి వచ్చింది. 1956 వరకు ఆ వడపోతలో వాడినది ఆస్‌బెస్టాస్. పొగ నుంచి ఊపిరితిత్తులను కాపాడతానన్న వస్తువే క్యాన్సరు కలిగించే నారను అందించింది.

2003లో చైనాకు చెందిన హాన్ లిక్ అనే ఔషధ శాస్త్రజ్ఞుడు నేటి ఈ-సిగరెట్టుకు మూలమైన పరికరాన్ని రూపొందించాడు. ధూమపానం చేసే తన తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించడం ఆయనను కదిలించింది. ఉద్దేశం మంచిదే. పొగాకు మండదు కనుక తారు రాదు. ఆ మేరకు సిగరెట్టు కంటే కొన్ని విషాలు తగ్గుతాయన్నది కూడా నిజమే. కాని మంట ఉన్న స్థానంలోకి వేడి లోహపు తీగ వచ్చింది.

తీగ వేడెక్కినప్పుడు

ఆ పరికరంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికొటిన్, సువాసన ద్రవ్యాలు కలిసిన ద్రవం ఉంటుంది. దూది దానిని పీల్చుకుంటుంది. బ్యాటరీ తీగను వేడిచేస్తే ద్రవం ఆవిరవుతుంది. వేడి మితిమీరితే గ్లిజరిన్, గ్లైకాల్ విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్, ఎక్రోలీన్ వంటి ఘాటైన విషవాయువులు పుడతాయి. తియ్యని ద్రవ్యాలు మాడి తీగకు నల్లని పొక్కు కడతాయి. ఆ యువకుడు చూపిన నలుపు అదే.

2018లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 56 మంది వాడుతున్న పరికరాలను పరీక్షించారు. సీసాలోని ద్రవంలో కంటే, తీగను తాకి వచ్చిన ఆవిరిలో సీసం, నికెల్, క్రోమియం వంటి లోహాలు చాలా ఎక్కువగా కనిపించాయి. అంటే తీగ తనను తాను కొంత ఆవిరిలో కలుపుతున్నది.

నికెల్, క్రోమియం భయం వలన కొందరు టైటానియం తీగకు మారారు. దీనికి మరొక సౌకర్యం ఉన్నది. వేడి పెరిగే కొద్దీ టైటానియం విద్యుత్ నిరోధం క్రమంగా పెరుగుతుంది. దానిని కొలిచి, ఉష్ణోగ్రతను సాధారణంగా 200 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలిపే పరికరాలు వచ్చాయి. అటువంటి ఉష్ణోగ్రత నియంత్రణ లేని పరికరంలో ఈ తీగను వాడరాదు.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు, అంటే కాల్చి శుభ్రం చేయడానికి వద్దాం. ఈ అలవాటు కాంతాల్ అనే ఇనుము, క్రోమియం, అల్యూమినియం మిశ్రమలోహపు తీగ నుంచి వచ్చింది. కొలిమి తీగలకు వాడే ఆ లోహం ఎర్రని వేడిని తట్టుకుంటుంది. టైటానియం అటువంటిది కాదు. కమ్మరి కొలిమిలో ఇనుము ఎర్రబడడం చూసినవారికి తెలుసు, ఏ లోహమైనా చీకటిలో మసక ఎరుపుగా కనబడిందంటే 500 డిగ్రీలు దాటినట్లే. టైటానియంను వేడిచేస్తే మొదట బంగారు వన్నె, తరువాత ఊదా, నీలం రంగులు వస్తాయి. అవి ఆక్సైడ్ పొర మందమవుతున్న గుర్తులు. ఇంకా వేడిచేస్తే ఆ పొర బూడిద రంగుకు, తెలుపుకు తిరిగి, గట్టి కవచంగా ఉండవలసినది పొట్టుగా లేచి పొడిగా రాలుతుంది. మొదట చెప్పిన పొరే ఇది. ఎముకలో అవ్వను కాపాడిన ఆక్సైడే ఇక్కడ పీల్చదగినంత సన్నని ధూళి అవుతుంది.

టైటానియం డయాక్సైడ్ మనకు కొత్తది కాదు. గోడకు వేసే తెల్ల రంగులో, మాత్రల పైపూతలో అది ఉంటుంది. అయితే అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దీనిని పీల్చే ధూళిగా, మనుషులకు క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్న పదార్థాల 2బి వర్గంలో చేర్చింది. ఎలుకలు ఆ ధూళిని పీల్చినప్పుడు ఊపిరితిత్తులలో కణితులు రావడం దానికి ఆధారం. మనుషులలో సాక్ష్యం చాలలేదని కూడా ఆ సంస్థే చెప్పింది. కనుక ఇది సిలికా అంతటి విషమని నేను భయపెట్టను. ఎముకలో ఏ హానీ చేయలేదన్న సాక్ష్యం ఊపిరితిత్తుల విషయంలో చెల్లదని మాత్రం గట్టిగా చెబుతాను.

ఈ మాటకు 2019 నాటి అమెరికా అనుభవమే రుజువు. ఈ-సిగరెట్లు వాడిన యువతీయువకులు ఉన్నట్టుండి తీవ్రమైన శ్వాస వైఫల్యంతో ఆసుపత్రులలో చేరారు. 2020 ఫిబ్రవరి 18 నాటికి 2,807 మంది బాధితులు, 68 మరణాలు నమోదయ్యాయి. ప్రధాన కారణంగా తేలినది గంజాయి సారం ఉన్న ద్రవాలలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. మింగితే పోషకం, చర్మానికి రాస్తే లేపనం. వేడి చేసి పీల్చితే ఊపిరితిత్తులకు శత్రువు.

ఇంకా వాడుతున్నవారికి

మన దేశంలో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా, ఆ తరువాత అదే ఏడాది చట్టంగా వచ్చిన నిషేధం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన నేరాలు. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. కనుక ఇక్కడ దొరికేది దొంగచాటు సరుకు. అందులో ఏ తీగ ఉన్నదో, ఏ ద్రవం ఉన్నదో చెప్పే బాధ్యత ఎవరికీ లేదు. పెట్టె మీద టైటానియం అని రాసి ఉన్నంత మాత్రాన అది టైటానియం కాదు.

మానమన్నదే నా మొదటి సలహా. అయినా చట్టం అనుమతించే దేశాలలో ఉన్న మన పిల్లలు కొందరు, ఇక్కడే మానలేక సతమతమవుతున్నవారు కొందరు ఇది చదువుతారు. వారి కోసం ఈ నాలుగు మాటలు చెప్పక తప్పదు.

టైటానియం తీగను దూది, ద్రవం లేకుండా ఎన్నడూ వేడిచేయకండి. పొయ్యి మంట మీద అసలే పెట్టకండి. శుభ్రం చేయదలిస్తే మొదట బ్యాటరీ విడదీసి, పాత దూది తీసివేసి, గోరువెచ్చని నీటిలో మెత్తని బ్రష్షుతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఇనుప బ్రష్షు, గరుకు కాగితం వాడితే పైపొర గీరుకుపోతుంది. తీగ మీద తెల్లని లేదా బూడిద రంగు పొడి కనిపిస్తే తోమకండి, నోటితో ఊదకండి, తీగను పారవేయండి. మాడిన వాసన వచ్చినా, గొంతు మండినా దమ్ము పీల్చడం ఆపండి. నికొటిన్ ద్రవం చిన్న పిల్లలకు ప్రాణాంతక విషం, వారికి అందకుండా ఉంచండి.

ఇవన్నీ పాటించినా, కడగడం వలన పోయేది నిన్నటి మాడు మాత్రమే. రేపు తీగ వేడెక్కినప్పుడు పుట్టే విషవాయువులను ఏ కడుగుడూ ఆపదు. నికొటిన్ వ్యసనాన్ని వదలడానికి నికొటిన్ చూయింగ్ గమ్ వంటి సాధనాలను వైద్యుని సలహాతో వాడవచ్చు. పొగాకు మానదలచినవారికి జాతీయ ఉచిత సహాయ ఫోను 1800-11-2356 ఉన్నది.

వైద్య సోదరులకు కూడా ఒక మనవి. ఆయాసంతో వచ్చిన యువకుణ్ణి సిగరెట్టు తాగుతావా అని మాత్రమే అడిగితే అతడు లేదనే అంటాడు, అది అబద్ధమూ కాదు. ఏమి పీలుస్తున్నావు నాయనా అని అడగండి. నలభై ఏళ్ళ క్రితం నేను అడగని ప్రశ్న అటువంటిదే.

ఆ యువకుడు పోయిన వారం ఫోను చేశాడు. పరికరాన్ని ఇంకా పారవేయలేదట. కాల్చడం మాత్రం మానేశాడట. “అవ్వకు చెప్పినావా?” అని అడిగాను. కాసేపు మౌనంగా ఉండి, “చెప్తే కొడతాది సార్” అన్నాడు. చెప్పమన్నాను. ఆ అవ్వ తండ్రి కోలారు గనిలో పనిచేసినవాడని ఆనాడు గృహప్రవేశంలో ఎవరో చెప్పగా విన్నాను. దుమ్ము ఊపిరితిత్తులను ఏమి చేస్తుందో ఆమె మనుమడికి నాకంటే బాగా చెప్పగలదు.